ఉత్తుత్తి గంట

కాలేజీలో అడుగుపెట్టేనాటికి మాస్టారి దగ్గరున్న సరుకు తక్కువ. ఒక కంపెనీలో జుట్టు నెరిసేదాకా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టిన అనుభవం, దానివల్ల అబ్బిన అనుమానపు బుద్ధి, ఆ విభాగాన్ని మూసేశాక మిగిలిన తీరిక. వీటికి తోడు బావ మాటసాయం. అక్క మొగుడైన ఆ బావకు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. ప్రిన్సిపాల్ ఇంట్లో ఫ్యాన్లు బిగించిన చనువుతో బామ్మర్ది పేరు ఆయన చెవిన వేశాడు.

"నీ దగ్గరున్నది ఎవరూ అడగని సరుకు బామ్మర్దీ. ముందు నమూనా చూపించాలి," అన్నాడు బావ.

"తప్పులు వెతకడానికి నమూనా ఏముంటుంది బావా?"

"మేం నీకు సంబంధాలు చూసినప్పుడు చూపించావుగా! ఒక్కటైనా వంక పెట్టకుండా వదిలావా?"

డిగ్రీ పిల్లలకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అప్పట్లో ఇష్టమైతే తీసుకునే సబ్జెక్టు. మార్కులు తేలిగ్గా వస్తాయన్న ఆశ తప్ప ఎవరికీ దానిమీద ఇష్టం లేదు. పై అంతస్తు ల్యాబులో, భోజనాలయ్యాక క్లాసు. మాస్టారు చెప్పేవాడు, పిల్లలు కునికేవాళ్ళు.

నమూనా కూడా బావే సంపాదించి పెట్టాడు. ఒక చిన్న ఆసుపత్రి వార్డుకు గంటలు బిగించే పని ఆయన కొట్టుకు వచ్చింది. మంచం పక్కన మీట నొక్కితే నర్సు బల్ల దగ్గర గంట మోగాలి. దాన్ని నడిపే ప్రోగ్రాము మాస్టారి క్లాసు రాసి, పరీక్షించి ఇచ్చేలా మాట కుదిర్చాడు.

నిజం మంచాలు, నిజం రోగులు అనేసరికి పిల్లలకు నిద్ర వదిలింది. కానీ ల్యాబులో గంట మోగీ మోగీ, పక్క గదిలోని లెక్కల లెక్చరర్ వచ్చి తలుపు బాదాడు. "ఇది కాలేజీయా, ఫైరింజనా?"

అప్పుడు మాస్టారు ఈ వృత్తిలో అందరూ చేసే పనే నేర్పాడు. అసలు గంట స్థానంలో నాలుగు లైన్ల ప్రోగ్రాముతో ఒక ఉత్తుత్తి గంట పెట్టడం. మోగమంటే అది చప్పుడు చెయ్యదు, "మోగాను" అని జవాబు మాత్రం ఇస్తుంది. తెరమీద ఆకుపచ్చ గుర్తు పడుతుంది. పరీక్షలన్నీ చకచకా తేలిపోతాయి. అసలు గంట కావాలంటే ఒక్క లైను మార్చుకుంటే చాలు.

క్లాసంతా డౌటమ్మ అని పిలిచే అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, అది ఎప్పుడూ మోగాననే అంటుందిగా! అబద్ధాలకోరును సాక్ష్యానికి పిలిచినట్టు లేదూ?"

"అందుకే ఆఖరున అసలు గంట పెట్టి చెవులతో వినాలమ్మా. తెరను నమ్మకూడదు."

అలాగే విన్నారు కూడా. వార్డులో ప్రతి మంచం దగ్గరా నొక్కి, విని, సరే అనుకున్నాకే అప్పగించారు. వార్డు సిస్టరు సంబరపడింది. "పేషెంట్లకు కేకలేసే బాధ తప్పింది మాస్టారూ. ఇక కేకలేసే హక్కు నాదొక్కదానిదే!"

ఈ సంగతి యూనివర్సిటీ దాకా పాకింది. ఒక కమిటీ వస్తోందన్నారు. వాళ్ళకు నచ్చితే టెస్టింగ్ ప్రతి డిగ్రీ విద్యార్థికీ తప్పనిసరి అవుతుంది, మాస్టారి ఉద్యోగం పర్మనెంటవుతుంది. కాలేజీలో కంప్యూటర్ విభాగం పెద్ద హెచ్‌ఓడీ పట్టుబట్టి ప్రదర్శన వార్డులోనే పెట్టించాడు.

పరీక్షలన్నీ వరసగా నడిపి చూపాలి. రోగులు పడుకుని ఉన్నారు. సిస్టరు పెదవులమీద వేలుంచింది. మాస్టారు ఆ ఒక్క లైనూ మార్చి ఉత్తుత్తి గంట పెట్టాడు. వార్డు నిశ్శబ్దం, తెరంతా పచ్చదనం. కమిటీవాళ్ళు చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు. హెచ్‌ఓడీ మాస్టారి భుజంమీద చెయ్యేసి భోజనానికి లాక్కుపోయాడు.

మెట్ల దగ్గర డౌటమ్మ అడిగింది. "సార్, గంట మార్చేశారా?"

"వచ్చి చూస్తాలేమ్మా."

భోజనాల దగ్గర పొగడ్తలు వడ్డించారు. అంత రుచి ఆయన ఏనాడూ ఎరగడు. వెనక్కి రాలేదు.

ఆ మర్నాడే బావ హెర్నియా ఆపరేషన్‌కని అదే వార్డులో చేరాడు. "మనం అమ్మిన గంట మనమే మోగించుకునే రాత చూడు!" అని నవ్వాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. అప్పటిదాకా వార్డులో అందరికీ మనుషులు పక్కనే ఉండటంతో మీట నొక్కే అవసరం ఎవరికీ పడలేదు. మర్నాడు మధ్యాహ్నం అక్క స్నానానికని ఇంటికెళ్ళింది. సిస్టరు పక్క గదిలో ఒకరికి కట్టు మారుస్తోంది. బావకు ఉన్నట్టుండి ఊపిరాడలేదు. అక్క తిరిగొచ్చేసరికి ఆయన బొటనవేలు మీటమీదే ఉంది. మనిషి లేడు.

ఆసుపత్రి డైరెక్టరు కంప్యూటర్ చూశాడు. బావ నొక్కిన ప్రతిసారీ గంట మోగినట్టే ఉంది.

"నాకు వినపళ్ళేదండీ, ఒట్టు," అంది సిస్టరు.

అక్క ఆమెను పట్టుకుని ఊపేసింది. "నీ చెవుల్లో సీసం పొయ్యా! ఆయన పిలుస్తుంటే ఏం చేస్తున్నావే?"

సిస్టరును పనిలోంచి ఆపేశారు. విచారణ పెడతామన్నారు.

మాస్టారు అక్కను కూర్చోబెట్టి, బావ కళ్ళజోడూ చెప్పులూ తీసుకుందామని మంచం దగ్గరికి వెళ్ళాడు. పాత అలవాటు. చెయ్యి దానంతటదే మీట నొక్కింది. చప్పుడు లేదు. బల్లమీద తెరలో మాత్రం ఆకుపచ్చ గుర్తు పడింది. మోగిందట.

బల్లమీది కంప్యూటర్లో ఆ లైను మార్చాడు. మళ్ళీ నొక్కాడు. గంట మోతకు పక్క మంచంమీది ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

హెచ్‌ఓడీతో చెబితే ఆయన తలుపు మూసి వచ్చాడు. "మార్చేశారుగా? ఇంకేం?"

"సిస్టరు ఉద్యోగం పోతుందండీ."

"మీ ఉద్యోగం నిలబడే వేళ ఇదేం మాట మాస్టారూ? అయినా పోయింది మీ బావేగా. నిలదీసి అడగడానికి బయటివాళ్ళెవరున్నారు?"

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. గుచ్చుకున్నా లెక్క తప్పని మాటే. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, సబ్జెక్టు నిలుస్తుంది, అక్క గుమ్మం తెరిచే ఉంటుంది. నోరు తెరిస్తే దక్కేది ఒక పరాయి మనిషి పరువు. ఎటునుంచి తూచినా మౌనం వైపే ముల్లు మొగ్గింది. మాస్టారు మౌనంగానే విచారణకు వెళ్ళి కూర్చున్నాడు.

డైరెక్టరు అందరి ముందూ మీట నొక్కించాడు. గంట గణగణా మోగింది.

"ఏమ్మా, ఇప్పుడు వినపడిందా?"

సిస్టరు తలొంచుకుంది. "వినపడిందండీ." తనలో తను అనుకున్నట్టు, "ఆ రోజు నా చెవులకే ఏదో అయ్యుంటుంది," అంది.

వార్డంతా వినపడే ఆ గొంతు పీలగా వచ్చింది. తన చెవుల్ని కాదని తెరను నమ్మడానికి ఆమె సిద్ధపడిపోయింది. మాస్టారు లేచి నిలబడ్డాడు.

"ఆవిడ చెవులు బాగానే ఉన్నాయండీ. ఆ రోజు అసలు గంటే లేదు. తీసింది నేను. మళ్ళీ పెట్టడం మరిచింది నేను."

అక్క లేచి ఆయన ఎదురుగా వచ్చింది. "నీ సరుక్కి గిరాకీ తెచ్చింది ఆయనేరా," అంది. ఆమె తమ్ముడితో ఆడిన ఆఖరి మాట అదే.

కాలేజీవాళ్ళు ఆయన్ని పంపించేసి, సబ్జెక్టు ఎత్తేశారు. ల్యాబు లెక్కల లెక్చరర్‌కు దక్కింది. డౌటమ్మ గేటు దాకా వెంట వచ్చింది.

"ఇంకోసారి అడగాల్సింది సార్ నేను."

"నేను రెండోసారి అడగడం నేర్పలేదమ్మా."

సిస్టరు పనిలోకి తిరిగొచ్చింది. ఇప్పుడు పొద్దున డ్యూటీ ఎక్కగానే మంచం మంచం తిరిగి మీట నొక్కుతుంది. గంట చెవిన పడితే గానీ రెండో మంచం దగ్గరికి కదలదు. తెరవంక చూడదు. ఆమెకిది ఎవరూ చెప్పలేదు.

మాస్టారు ఆ వేళకు ఆసుపత్రి కింద రోడ్డుమీద నిలబడతాడు. పైకి వెళ్ళడు. వరసను బట్టి బావ మంచం గంట ఏదో ఆయనకు తెలుసు. అది మోగేదాకా ఆగి, విని, తన దారిన పోతాడు. బావ పోయాడు, అక్క దూరమైంది, పిల్లలకు పాఠం పోయింది. వీటన్నిటికీ బదులుగా చేతికొచ్చింది పొద్దున్నే వినపడే ఆ మోతొక్కటే.