ఖాజాగూడ క్వారీ బందు

ఐలయ్య కాలు బండ కింద నుజ్జయినప్పుడు లారీ కేక వేస్తే వినబడేంత దూరంలోనే ఉంది. తోటి కూలీ సత్తెమ్మ పరుగెత్తి డ్రైవరు చెయ్యి పట్టి గుంజింది. కాంట్రాక్టరు రామచంద్రం అడ్డం వచ్చాడు.

"కంకర పట్నం పోవాలె. మనిషిని పండవెడితే లోడు దించాలె. ఎవడు దించుతడు?"

"మేం దించుతం పటేలా! పానం పోతున్నది!"

"మల్ల ఎవడు నింపుతడు?"

లారీ కదిలి వెళ్లిపోయింది. ఐలయ్యను గొంగట్లో వేసి మోశారు. సత్తెమ్మ ఒక కొస పట్టింది. దవాఖాన ఇంకా చాలా దూరం ఉండగానే ఐలయ్య తల్లి భాగ్యమ్మ గొంగడి దించమంది. కొడుకు మొహం చూసింది. ఇక మోయాల్సిన పని లేదంది.

అది డెబ్బయి అయిదో సంవత్సరం. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. పట్నంలో కట్టడాలు త్వరగా లేవాలని కాంట్రాక్టరుకు తొందర. అందుకే కూలీలు క్వారీ గుంతలో ఉండగానే బండలు పగలగొట్టే మందు పేలుస్తున్నాడు. ఎదురు మాట్లాడితే ఒకటే జవాబు: "నలుగురు కూడితే జైలే!"

మరి కూడేదెక్కడ?

ఆ వానాకాలంలోనే బడికి టీవీ వచ్చింది. పెరట్లో ఇనుప జాలీతో పెద్ద గొడుగులాంటిది నిలబెట్టారు. ఆకాశంలోని ఉపగ్రహం నుంచి బొమ్మలు దిగుతాయన్నారు. రోజూ సాయంత్రం ఊరంతా వచ్చి చూడాలని సర్కారు హుకుం.

"సర్కారే కూసోమంటున్నది గద," అంది భాగ్యమ్మ. "కూసుందాం."

కూర్చున్నారు. తెర మీద ఎవరో ఎరువుల గురించి చెబుతుంటే, కింద వరసల్లో గుసగుసలు నడిచేవి. పంతులు భీమేశ్వరరావు గోదావరి వైపు మనిషి. మొదటిరోజే ఆయనకు విషయం అర్థమైంది.

"నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు సత్తెమ్మతో. ఆ తర్వాత లేచి వెళ్లి టీవీ గొంతు పెంచి వచ్చాడు.

"గుంతల మనిషి ఉంటే మందు పేల్చొద్దు. దెబ్బ తాకితే లారీ ఆగాలె. గంతే అడుగుదాం," అంది సత్తెమ్మ.

"అడిగితే ఇంటాడా? రేపే ఇంకో ఊరోళ్లను తెస్తడు," అన్నాడు ఆమె మొగుడు బాలనర్సయ్య.

"ఏ ఊరోళ్లను? గోపన్‌పల్లోళ్లు గూడ వాళ్ల క్వారీల గిదే చావు చస్తున్నరు. వాళ్లతోని మాట్లాడుదాం."

"జైల్ల ఏస్తరే, పిచ్చిదానా!"

"ఐలయ్యను ఏడ ఏసిండ్రు?"



మాట ఎక్కడో పొక్కింది. ఒక సాయంత్రం రామచంద్రం ఇద్దరు పోలీసులతో వచ్చి చడీచప్పుడు లేకుండా టీవీ పక్క గోడ చాటున నిలబడ్డాడు. ఎవరూ చూడలేదు. చెయ్యి చాచి టీవీ బందు చేశాడు.

ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సత్తెమ్మ గొంతు బడంతా వినబడింది:

"—రేపు పొద్దుగాల ఒక్కలు గూడ గుంతల దిగొద్దు!"

మాట వెనక్కి తీసుకునే దారి లేదు. తీసుకోవాలనీ అనిపించలేదు. లేచి నిలబడింది.

"చూసిండ్రా సార్!" అని అరిచాడు రామచంద్రం. పోలీసులు ఆమె రెక్క పట్టారు.

"లారీ ఆపకపోతే..." వెనక నుంచి వణుకుతున్న గొంతు. బాలనర్సయ్యది. "లారీ ఆపకపోతే మేం రాయి కొట్టం పటేలా. నా పెండ్లాం అన్నది నిజమే."

అతని పక్కన భాగ్యమ్మ లేచింది. తర్వాత ఎవరు లేచారో చెప్పడం కష్టం. బడంతా నిలబడే ఉంది. లాఠీలు లేచాయి. సత్తెమ్మను జీపులోకి తోశారు.

ఠాణాలో ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు. పొద్దున ఎవరు దిగుతారో, ఎవరు భయపడతారో! తెల్లవారింది. ఎండ ఎక్కింది. ఎవరూ ఏమీ చెప్పలేదు.

మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. భాగ్యమ్మను లోపలికి నెట్టారు. కొప్పు ఊడింది, మోచేయి గీరుకుపోయింది. ఆమె వెనక సత్తెమ్మ ఎన్నడూ చూడని ఇద్దరు ఆడవాళ్లు.

"ఎవరు పెద్దమ్మా వీళ్లు?"

"గోపన్‌పల్లోళ్లు. మన క్వారీ పొద్దుగాలనే బందయింది. గది ఇని వాళ్లు గూడ బందు వెట్టిండ్రు."

బయట ఇంకో జీపు వచ్చి ఆగింది. ఆడా మగా గొంతులు కలిసి కేకలు వేస్తున్నాయి.

"జర జరుగు బిడ్డా," అంది భాగ్యమ్మ గోడవైపు ఒదుగుతూ. "ఇంకా మస్తు మంది వస్తున్నరు."