గోడలో గాలి గొట్టం

మోకాళ్ల మీద కూర్చుని ఊరందరి గొట్టాలూ బాగుచేసినవాడికి చివరికి ఆ మోకాళ్లే ఎదురు తిరిగాయి. మూడో అంతస్తులోని అద్దెగదికి మెట్లెక్కడం ఇక ప్లంబరు వల్ల కావడం లేదు. అలాంటప్పుడు తమ్ముడు, "మా బేస్‌మెంటు ఖాళీగానే ఉందిగా అన్నయ్యా, పెరటి వైపు నుంచి మెట్లు కూడా ఉండవు, వచ్చెయ్" అన్నాడు. ప్లంబరు పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఆ ఒక్క మాటకే పొంగిపోయాడు.

బేస్‌మెంటులో బాత్‌రూమ్ ఉంది గానీ, సరిగ్గా పై వంటింటి కింద. అక్కడ ఫ్లష్ కొడితే పైన భోజనానికి కూర్చున్నవాళ్లకి వినబడుతుందట. దాన్ని అవతలి మూలకి జరపమంది మరదలు. తాను ఉండబోయే చోటు కదా అని ప్లంబరు సుద్దముక్క పట్టుకుని నేలంతా గీతలు గీశాడు. కమోడ్ ఇక్కడ, షవర్ అక్కడ, మురుగు గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు.

చిక్కల్లా గాలి గొట్టం దగ్గర వచ్చింది. అది కొత్త మూల నుంచి పైకి లేచి, తమ్ముడి పడగ్గది గోడలోంచి ఇంటికప్పు మీదికి పోవాలి.

"గోడ పగలగొట్టాలా?" అంది మరదలు. "మొన్ననే రంగులు వేయించాం బావగారూ."

"అది లేకపోతే, పైన మీరు నీళ్లు వదిలినప్పుడల్లా ఆ లాగుడుకి కింద గొట్టం వంపులో నిలిచిన నీళ్లు కూడా పోతాయమ్మా. వాసనకి ఆ నీళ్లే అడ్డు. అవి పోతే కంపంతా గదిలోకి కొడుతుంది."

తమ్ముడు నీళ్లు నమిలాడు. "ఉండేది నువ్వొక్కడివేగా అన్నయ్యా. కిటికీ తీసి పెట్టుకుంటే సరిపోదూ?"

వేరే ఎవరైనా ఆ మాట అని ఉంటే పనిముట్లు సర్దుకుని బయటికి నడిచేవాడు. గాలి గొట్టం లేని పని ఇంతవరకూ చెయ్యలేదు. కానీ ఇప్పుడు నీడ కోసం వచ్చినవాడు. "సర్లే" అన్నాడు. అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వారం తిరక్కుండానే తమ్ముడు ఫోన్ చేశాడు. "గోడ పగలగొట్టేద్దాం అన్నయ్యా. నువ్వు చెప్పినట్టే వేసెయ్."

ప్లంబరు కళ్లు చెమర్చాయి. ఎంతైనా ఒక కడుపున పుట్టినవాడు అనుకున్నాడు, పిచ్చి మారాజు. మర్నాడే పడగ్గది గోడ తొలిచి గొట్టాన్ని కప్పు దాటించాడు. వాళ్ల మంచం మీద దుమ్ము పడకుండా తన దుప్పటి తెచ్చి కప్పాడు.

పని ముగిసి నీళ్లు వదిలి పరీక్షిస్తుంటే ఇద్దరూ కిందికి వచ్చారు. మరదలు గది మధ్య నిలబడి వాసన చూసింది.

"ఏమీ రావట్లేదు. అద్దెకి దిగేవాళ్లు, కాస్త వాసనొచ్చినా ఉండబోమని ముందే చెప్పారు బావగారూ."

"అద్దెకా?"

"ఆయన మీతో అనలేదూ?"

తమ్ముడు చూపు తిప్పుకున్నాడు. "నీకూ ఎక్కడో ఒకచోట చూద్దాంలే అన్నయ్యా."

ప్లంబరుకి కడుపు మండిపోయింది. ఏరు దాటగానే తెప్ప తగలేసే ఘనుడు వీడు.

"నాకైతే కిటికీ చాలన్నావు. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం గోడ పగలగొట్టించావురా."

"నువ్వైతే సర్దుకుంటావన్నయ్యా," అన్నాడు తమ్ముడు, అదేదో మెచ్చుకోలు అన్నట్టు. "వాళ్లు సర్దుకోరుగా."

ప్లంబరు జవాబు చెప్పలేదు. తమ్ముడు దాన్ని కూడా సర్దుకోవడం కిందే జమకట్టి, ఊపిరి పీల్చుకుని పైకి వెళ్లిపోయాడు.