పొయ్యి ముట్టించకముందే రండి

నేను ఒక కార్డును. బస్సు పాసు కంటే కాస్త పెద్దగా, అరచేతిలో ఒదిగిపోయేంత ఉంటాను. నన్ను చూసి పెళ్ళి కార్డు అనుకునేరు! నన్ను చదివి అక్షింతలు వేసిన వాళ్ళు ఒక్కరూ లేరు గానీ, చదివి చేతిలో గరిటె కింద పెట్టేసిన వాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. అదే నా గొప్ప. చెప్పుకోకుండా ఉండలేను కాబట్టి చెబుతున్నాను, వినండి.

కళ్యాణదుర్గం బస్టాండు వెనక ఒక జిరాక్సు కొట్టులో పుట్టాను. నా మీద మాటలు రాసింది గంగోత్రి. పదహారేళ్ళ పిల్ల. ఖోఖో ఆడుతుంటే ఆ పిల్లను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అలాంటి పిల్లకు వేరుశనగ పలుకు ఒక్కటి కడుపులోకి పోతే చాలు, పెదవులు వాచి, గొంతు మూసుకుపోయి, ఊపిరి అందదు. మూడో ఏట ఒకసారి, తొమ్మిదో ఏట ఒకసారి ఆసుపత్రిలో చావు తప్పించుకుని వచ్చింది. పోనీ పుట్టడమైనా మరోచోట పుట్టిందా? చట్నీలో వేరుశనగ, పొడిలో వేరుశనగ, నూనె వేరుశనగ, ఊసుపోక నోట్లో వేసుకునేదీ వేరుశనగే అయిన అనంతపురం జిల్లాలో పుట్టింది. అదీ చాలదన్నట్టు వాళ్ళ నాన్న ఎర్రిస్వామిది వేరుశనగ నూనె తీసే గానుగ! ఆయన ఇంటికి రాగానే పెరట్లో కుళాయి కింద తల రుద్దుకుని స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఆ తర్వాతే కూతుర్ని పలకరిస్తాడు. పదమూడేళ్ళుగా ఒక్కరోజూ తప్పలేదు. ఇంట్లోకి మాత్రం పొద్దుతిరుగుడు నూనె కొనుక్కుంటాడు. గానుగాయన సంచి పట్టుకుని నూనె పాకెట్టు కోసం వస్తే కొట్టువాడికి ప్రతిసారీ నవ్వే.

నన్ను రాయడానికి గంగోత్రికి మూడు రోజులు పట్టింది. మొదట "నాకు వేరుశనగ పడదు" అని రాసింది. వాళ్ళమ్మ నాగరత్న ఆ మాట కొట్టేసింది.

"పడదంటే ఎవురు పట్టించుకుంటారే? కడుపుబ్బరం అనుకుంటారు. ఒకటి తింటే ఏం గాదులే పాపా అని పెడతారు. పానం పోతాదని రాయి" అంది.

అలాగే రాసింది. "వేరుశనగ ఒక్క పలుకు తిన్నా నా ప్రాణం పోతుంది. గింజ, నూనె, పొడి, చట్నీ ఏదీ వద్దు. వాటిలో పెట్టిన గరిటె కూడా వద్దు. ఈ కార్డును వంట చేసేవారికే చూపించండి." వెనక వైపు, ఊపిరి ఆడకపోతే సంచిలో ఉన్న ఇంజెక్షన్ తొడకు ఎలా వెయ్యాలో రాసి, 108కి ఫోన్ చెయ్యమంది. ప్లాస్టిక్ పొరల మధ్య వేడి యంత్రంలోంచి జారి బయటికి వచ్చాను. ఒళ్ళంతా నిగనిగ! ఆ క్షణంలో నాకు లోకంలో భయమన్నదే లేదు.

ఇంతకీ నా అవసరం ఎందుకొచ్చిందంటే, గంగోత్రి రాష్ట్రస్థాయి ఖోఖో పోటీలకు జట్టులో ఎంపికైంది. పోటీలు రాజమండ్రిలో, ఐదు రోజులు. జట్టంతా హోటళ్ళలోనే తినాలి. ఈ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ హోటల్లో ఒక్క ముద్ద తిన్నది లేదు. నాగరత్న ససేమిరా అంది. పిల్ల ఏడ్చింది, అలిగింది, అన్నం మానేసింది. చివరికి తల్లి ఒక మెట్టు దిగింది.

"నా కండ్ల ముందర ఒక్క హోటల్లో తిని సూపీ. నీకేం గాకుంటే పంపిస్తా" అంది.

జట్టు బయల్దేరేది సోమవారం. ఆ రోజు గురువారం. నన్ను జేబులో పెట్టుకుని గంగోత్రి హోటళ్ళ మీద పడింది, వెనకాల ఇంజెక్షన్ సంచితో తల్లి.

మొదటి హోటల్లో సర్వరు నన్ను అందుకుని, జేబులో దోపుకుని, వంటింటి పరదాదాకా వెళ్ళి, గోడకు ఆనుకుని కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. "చెప్పినాలేమ్మా, మీకు స్పెషల్‌గా చేస్తాండారు" అన్నాడు. అబద్ధం! నేను ఆయన జేబులోనే, బీడీకట్ట పక్కన ఉన్నాను. గంగోత్రి తెలివైనది. "మాస్టరు ఏ నూనె అన్నాడన్నా?" అని అడిగింది. ఆయన మెడ గోక్కున్నాడు. తల్లీకూతుళ్ళు లేచి బయటికి వచ్చేశారు. ఔను కాదుల్లో తేలిపోయే ప్రశ్న అడగకూడదని ఆ రోజే నేర్చుకుంది గంగోత్రి.

రెండో హోటలు యజమాని నన్ను చదివి దణ్ణం పెట్టాడు. "మా వంటింట్లో గోడలకు కూడా శెనక్కాయ నూనేనమ్మా. మా చేత గాదు" అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. నాగరత్నకు మాత్రం తన మాటే నెగ్గుతోందని ధైర్యం వచ్చింది. శనివారం సాయంత్రానికి గంగోత్రి మొహం వాడిపోయింది.

అప్పుడు దొరికాడు కుళ్ళాయప్ప. నాలుగు బల్లల టిఫిను హోటలు, వంట ఆయనే, వడ్డన ఆయనే. కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క వరుస కింద వేలు పెట్టి నన్ను పైకి చదివాడు. తిప్పి వెనకా చదివాడు. మళ్ళీ ముందుకు తిప్పి ఇంకోసారి చదివాడు! నా జన్మకు అంత మర్యాద అదే మొదటిసారి.

"పిండిలో బియ్యం, ఉద్దిపప్పు, మెంతులు, అంతే. పిండి గ్రైండరు వేరే, చెట్నీ మిక్సీ వేరే. కానీ పాపా, నా పెనం ముప్పై ఏండ్ల నుంచి శెనక్కాయ నూనె తాగింది. దాని మీద నీకు దోసె పొయ్యలేను" అని ఆలోచించాడు. "రేపు పొద్దున పొయ్యి ముట్టించకముందే రాండి. అప్పటికింకా చెట్నీ రుబ్బను. నీకు కొత్త పెనం పెడతా."

ఆదివారం తెల్లవారుతుండగానే అందరం అక్కడున్నాం. ఎర్రిస్వామి రెండుసార్లు స్నానం చేసి వచ్చాడు. అయినా గడప దాటలేదు, రోడ్డు మీద స్కూటరు పక్కనే నిలబడ్డాడు. కుళ్ళాయప్ప ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కొత్త పెనానికి ముందురోజే పొద్దుతిరుగుడు నూనె పట్టించి ఉంచాడు. కొత్త నెయ్యి పాకెట్టు తల్లి ముందే కత్తిరించాడు. నన్ను పొయ్యికెదురుగా మేకుకు గుచ్చాడు. పిండి పోశాడు, గుండ్రంగా తిప్పాడు, అంచులు ఎర్రబడ్డాయి. నెయ్యి వాసన! గంగోత్రి బెంచీ మీద కాళ్ళు ఊపుతోంది. నాకైతే మేకు ఊడిపోతుందేమోనన్నంత ఉత్సాహం.

సరిగ్గా అప్పుడు కుళ్ళాయప్ప చెయ్యి పక్కనున్న డబ్బాలోకి వెళ్ళింది. వేళ్ళతో పొడి తీసి, దోసె మీద చల్లి, మడిచి, పళ్ళెంలో పెట్టేసింది. ముప్పై ఏళ్ళుగా ప్రతి దోసెకూ చేసిన పని. మనిషికి తెలియనే లేదు. తల్లి కూతురి మొహం చూస్తోంది, కూతురు దోసెను చూస్తోంది. పొడి మడత లోపల ఉంది. చూసింది నేనొక్కదాన్నే. నాకు నోరేది? ఒంటి నిండా మాటలున్నా అరవలేకపోయాను. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

గంగోత్రి ముక్క తుంచింది. కుళ్ళాయప్ప రెండో దోసె పోసి, చెయ్యి మళ్ళీ డబ్బా వైపు చాచి, ఆగాడు. డబ్బాను చూశాడు. నన్ను చూశాడు.

"తినొద్దు తల్లీ!"

గరిటె ఎక్కడ పడిందో, ఆయన ఒక్క ఉదుటున పళ్ళెం లాగేశాడు. గంగోత్రి చెయ్యి పెదవుల దగ్గర ఆగిపోయింది.

"పొడి ఏసినామ్మా. నేనే ఏసినా. అలవాటుకొద్దీ చెయ్యి పోయింది. అది పుట్నాల పప్పుల పొడే, కానీ శెనక్కాయ చెట్నీ రుబ్బే మిక్సీలోనే పట్టింది" అన్నాడు. పెద్దమనిషి తలెత్తలేకపోయాడు.

నాగరత్న కూతుర్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి మూడుసార్లు సబ్బుతో చేతులు కడిగింది. పెదవులు చూసింది, నాలుక చూసింది. ఏమీ కాలేదు. ఇక రాజమండ్రి లేదు, ఖోఖో లేదు, నా బతుకు చెత్తబుట్టకే అనుకున్నాను. గంగోత్రి కూడా అదే అనుకుని ఉంటుంది, తల వంచుకుని నిలబడింది.

నాగరత్న కుళ్ళాయప్ప వైపు తిరిగింది.

"నువ్వు సెప్పకుంటే మాకు తెల్సేది గాదప్పా" అంది మెల్లగా. తర్వాత వాకిట్లోకి కేకేసింది. "ఇదిగో, ఇంటికాడికి పోయి మన దోసె పెనం, అట్లకాడ ఎత్తుకోని రా!"

ఎర్రిస్వామి స్కూటరు అంత వేగంగా వెళ్ళడం ఊరు ఎన్నడూ చూసి ఉండదు. పెనాన్ని ఉతికిన తువ్వాలులో చుట్టి, చెయ్యి తగలకుండా గడప బయటి నుంచే అందించాడు. ఈలోగా కుళ్ళాయప్ప చొక్కా మార్చాడు, మోచేతులదాకా కడుక్కున్నాడు, పొయ్యి చుట్టూ కొత్త గుడ్డతో తుడిచాడు, పొడి డబ్బాను తీసుకెళ్ళి రోడ్డవతల అరుగు మీద పెట్టి వచ్చాడు. ఈసారి నాగరత్న ఆయన పక్కనే నిలబడి ప్రతి కదలికా చూసింది.

దోసె వచ్చింది. గంగోత్రి తింది. నాగరత్న గడియారం చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలు. పది. ఇరవై. పిల్ల కళ్ళలో నీళ్ళు! తల్లి ఇంజెక్షన్ సంచి జిప్పు లాగేసింది.

"ఏమే, గొంతు పట్టిందా?"

"లేదుమా. బాగుండాది" అంది గంగోత్రి ముక్కు ఎగపీలుస్తూ. "తాతా, ఇంగోటి ఎయ్యి!"

కుళ్ళాయప్ప నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. రోడ్డు మీద ఎర్రిస్వామి మాత్రం స్కూటరు హారను మోగించాడు, ఎందుకో ఆయనకే తెలియాలి.

ఆ సాయంత్రం నాగరత్న నా కింది అంచున చెరగని పెన్నుతో ఒక వరుస తనే రాసింది. "పొరపాటున ఏదైనా కలిస్తే దాచకండి, చెప్పండి. మేము కోప్పడం." అక్షరాలు వంకర. అయితేనేం, నాలో అసలు మాట అదే.

రాజమండ్రి వెళ్ళాను! ఐదు రోజుల్లో తొమ్మిది వంటిళ్ళు చూశాను. మూడోరోజు మధ్యాహ్నం ఒక వంటమాస్టరు నన్ను చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయిగారూ, అది ముట్టుకోకండి. ఇందాక వేరుశనగ చట్నీలో గరిటె ఇందులోనూ పెట్టేశానండి. 'మేము కోప్పడం' అని రాశారు కదాని చెబుతున్నాను. ఇప్పుడే వేరేది చేసి తెస్తానండి" అన్నాడు. జట్టు సెమీ ఫైనల్లో ఓడిపోయింది. గంగోత్రి మాత్రం ఐదు రోజులూ కడుపునిండా తిని, ఊపిరి నిండా పరుగెత్తి ఇంటికొచ్చింది.

ఇప్పుడు ఆ పిల్ల దగ్గర నా తర్వాత అచ్చయిన కార్డులు పదో పన్నెండో ఉన్నాయి, నాగరత్న రాసిన వరుసతో సహా. నన్ను గంగోత్రి కుళ్ళాయప్పకు ఇచ్చేసింది. అంచులు విచ్చి, పసుపు మరకలతో ఆయన గోడ మీద మేకుకు వేలాడుతున్నాను. నా పక్కనే, పిడికి ఎర్రదారం కట్టిన కొత్త పెనం ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన గంగోత్రి లాంటి పిల్లలకు తప్ప ఇంకెవరికీ వాడడు.

నిన్న ఒక ఆవిడ నాలుగేళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది. వాడికి నువ్వులు తగిలితే ఒళ్ళు వాచి ఊపిరి ఆడదట. నాలుగు హోటళ్ళు వద్దన్నాయట. చెబుతూనే వెనక్కి తిరగబోయింది. కుళ్ళాయప్ప ఆమెను ఆపి, నన్ను మేకు నుంచి తీసి చేతికిచ్చాడు.

"ఇట్లాంటిది మీరూ ఒకటి రాసుకోండమ్మా. కింద చేత్తో రాసింది ఉండాది సూడండి, అది మాత్రం మర్చిపోవద్దు. అది నా తప్పుతోనే వచ్చింది" అన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రేపు పొద్దున పొయ్యి ముట్టించకముందే రాండి."