పిల్లికి పోయిన పొట్టముక్కలు

కూతురు మెహెక్ కడుపులో బిడ్డ ఎదుగుదల కాస్త తక్కువగా ఉందని దవాఖానలో చెప్పినప్పటి నుంచి మదీనా బీకి ముద్ద దిగడం లేదు. "చెరువు చేపలు తినిపించమ్మా. ఆ కొవ్వు బిడ్డ మెదడుకూ కళ్లకూ మంచిది" అని డాక్టరమ్మ తేలిగ్గా చెప్పేసింది. ఇబ్రహీంపట్నం చెరువును రోజూ చూసేవాళ్లకు అది అంత తేలికా? వానలు వెనకబట్టాక నీళ్లు గోరింటాకు నూరి కలిపినట్టు పచ్చబడ్డాయి. ఆ నీళ్లలో పెరిగిన చేపను కడుపుతో ఉన్న పిల్లకు ఎలా పెట్టేది? పెట్టకపోతే, బిడ్డ చూపు లేకుండా పుడితే?

విషం ఉంటే కొవ్వులోనే చేరుతుందని ఎవరో అనగా విన్నది. అందుకని బొచ్చె చేప తెచ్చి, తలకాయ, పొట్టముక్కలు పక్కకు తీసి, వీపు ముక్కలనే ఉప్పూ పసుపూ పెట్టి రుద్ది రుద్ది కడిగి, నల్లగా అయ్యేదాకా వేయించేది. తీసినవన్నీ గోడ మీది పిల్లికి.

"అమ్మీ, ఇది చేపనా, చెప్పు అట్టనా?" అనేది మెహెక్.

"మాటలాపి తిను."

"పిల్లికి తలకాయ, నాకు బొగ్గు. దాన్నే కూతురనుకో పో."

పొద్దున లేవగానే మదీనా బీ చేసే మొదటి పని పిల్లి ఊపిరి చూడటం. అది చావలేదు సరికదా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. మెహెక్ పెదవులే ఎండిపోతున్నాయి. ఎటు ఆలోచించినా దారి దొరకడం లేదు.

ఒక పొద్దున చెరువు కట్ట మీద చేపలమ్మే ఎల్లా అనే అతను తలకాయ వేరు చేస్తూ నవ్వాడు. "ఇది గూడ పిల్లికేనా మదీనక్కా? జర చూస్కో, నీ పిల్లికి మస్తు తెలివొచ్చి సర్కారు నౌకరి కొడ్తది."

"నవ్వకు. నీళ్లెట్లున్నయో చూసినవా?"

ఆ పక్కనే, పలచటి గుడ్డ వలతో నీళ్లు వడకడుతున్న శివాని తలెత్తింది. చెరువు మీద చదువుకుంటున్న కాలేజీ పిల్ల. "పెద్దమ్మా, ఇట్ల రా" అని సీసా ఎండకు పట్టి చూపించింది. పచ్చటి నీళ్లలో చుక్కల్లాంటి పురుగులు గెంతుతున్నాయి.

"గీ పచ్చదాన్ని పురుగులు తింటయ్, పురుగుల్ని చేప తింటది. డాక్టరమ్మ చెప్పిన కొవ్వు గట్లనే చేపలకొస్తది. ఆ పచ్చదాంట్లనే పుడ్తది అది. మన ఒంట్ల తయారు కాదు, తింటేనే వస్తది."

"మరి విషం?"

"పచ్చదంతా మంచిది కాదు, అందుకే చూస్తున్న. ఇప్పటికైతే చెడ్డది కనవడలే. పేగులూ లోపలిదీ పారెయ్యి. తలకాయ, పొట్టముక్కలు ఉంచు. గవే పడేస్తే ఇగ చేప ఎందుకు కొంటున్నవ్?"

మదీనా బీ ఎల్లా వేరు చేసిన తలకాయ వైపు చూసింది. ఇన్నాళ్లూ మనవడి వాటా పిల్లికి వేసిందన్నమాట. కానీ 'ఇప్పటికైతే' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

ఇంటికొచ్చి పులుసు పెట్టింది. మధ్యాహ్నం మెహెక్‌కు పప్పే వడ్డించి, పొట్టముక్క ఒకటి తాను తిని పొయ్యి దగ్గర కూర్చుంది. అద్దంలో నాలుక చూసుకుంది, కళ్లు చూసుకుంది. కడుపు నొక్కుకుంది. నడుము నొప్పి ఉంది, అది పాతదే.

"వాసనకు పాణం పోతుందమ్మీ. వండి ఎవరికోసం దాచినవ్?"

"ఆగు బేటీ. నాకేమన్న అయితదేమోనని చూస్తున్న."

మెహెక్ కడుపు పట్టుకుని నవ్వింది. "చేప తిని కాదు, ఫికర్ తోనే పోతవ్ నువ్వు."

మసీదు నుంచి సాయంత్రపు అసర్ అజాన్ వినిపించాక, ఇక చేసేదేమీ లేక, అల్లా మీద భారం వేసి తలకాయ, పొట్టముక్కలు కంచంలో పెట్టింది. మెహెక్ గడ్డం మీద పులుసు కారుతుండగా జుర్రుకుని తింటోంది. గోడ మీద పిల్లి ఒకటే అరుపు. పేగులు దానికీ వేయలేదు మదీనా బీ. దాని కడుపులోనూ పిల్లలున్నాయేమోనని మట్టిలో పూడ్చేసింది.

మళ్లీ స్కానింగ్‌లో ఏం చెబుతారో. గోడకు ఆనుకుని కళ్లు మూసుకోబోయి, ఉలిక్కిపడి తెరిచింది.

"మెల్లగ తిను బిడ్డా. ముల్లు!"