లచ్చన్న పేరు మీద తొమ్మిది చేపలు

కారు నడపడానికి పనికిరాని కళ్లు పడవ నడపడానికి ఎలా పనికొస్తాయని గులాం మొహియుద్దీన్‌ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగని సంగతి ఆయనా చెప్పలేదు. కోరుట్ల నుంచి బహ్రెయిన్ వచ్చిన ముప్ఫై ఏళ్లలో మొదట లారీ నడిపాడు, తర్వాత తనకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి కారు నడిపాడు, చూపు మందగించాక కఫీల్ పడవ దగ్గరికి మారాడు. సముద్రంలో ఎదురొచ్చే బండ్లు తక్కువ కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. నడుం ఎప్పుడూ నొప్పే. నువైద్రాత్‌లో ఇంకో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. ఇంటికి వచ్చెయ్యమని భార్య మెహరున్నిసా ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. వెళ్లిపోవాలనే ఉంది, కానీ కూతురు రుమానా నర్సింగు చదువు పూర్తి కావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ గడవాలంటే పడవ ఉండాలి, పడవ ఉండాలంటే లైసెన్సు కార్డు ఉండాలి. ఆ కార్డు మీద ఇప్పటికే రెండు తప్పు గుర్తులు పడ్డాయి. ఒకటి లైఫ్ జాకెట్లు తక్కువైనందుకు, ఇంకొకటి పెట్టెలో చేపలు ఎక్కువైనందుకు. మూడోది పడితే కార్డు తీసేసుకుంటారు. కార్డు లేని పడవవాడితో కఫీల్‌కు ఏం పని? ఈ వయసులో కొత్త కఫీల్‌ను వెతుక్కోవాలన్న ఆలోచన వస్తేనే ఆయనకు ఆయాసం వచ్చేది.

శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత ఇంట్లో విందు ఉందనీ, ఇరవై షేరి చేపలు కావాలనీ కఫీల్ కబురు పెట్టాడు. ఇక్కడి నీళ్లలో తలకు పది చేపలకు మించి పడవలో ఉండకూడదు. ఆ పది ఎవరు పట్టారన్నది కాదు లెక్క, పడవలో ఎన్ని తలలున్నాయన్నదే లెక్క. కఫీల్‌కు ఆ సంగతి చెప్పినా చేపలే కావాలంటాడు గానీ తలలు పంపడు. అందుకని గులాం మొహియుద్దీన్‌కు ఇంకో తల అవసరమైంది. అప్పుడే లచ్చన్న గుర్తొచ్చాడు.

లచ్చన్నది మెట్‌పల్లి దగ్గర పల్లె. తుబ్లీ కూలీల క్యాంపులో ఇరవై రెండేళ్లుగా ఉంటున్న మేస్త్రీ. వీసా క్యాన్సల్ చేయించుకున్నాడు. మంగళవారం విమానం, ఇక తిరిగి రావడం లేదు. ఆ మధ్య కలిసినప్పుడు, ఇన్నేళ్లూ నీళ్ల మధ్యనే ఉండి ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదని నవ్వుతూ అన్నాడు. ఆ మాట పట్టుకుని గులాం మొహియుద్దీన్ ఫోన్ చేసి, శుక్రవారం పొద్దున్నే సముద్రం చూపిస్తాను రమ్మన్నాడు. లచ్చన్న ఎంత సంబరపడ్డాడంటే, తల ఒకటి తక్కువైందన్న ముక్క చెప్పడానికి గులాం మొహియుద్దీన్‌కు నోరు రాలేదు. అబద్ధమేమీ ఆడలేదు. నిజంలో సగం చెప్పి మిగతా సగం దాచుకున్నాడు, అంతే. ముప్ఫై ఏళ్ల గల్ఫులో ఆ మాత్రం అందరికీ వస్తుంది.

శుక్రవారం తెల్లవారుతుండగా బయలుదేరారు. లచ్చన్న ఊరికి వెళ్లడానికి కొనుక్కున్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. పడవ ఎక్కీ ఎక్కగానే వంగి, చేత్తో నీళ్లు తాకి కళ్లకద్దుకుని, గంగమ్మ తల్లీ అని దండం పెట్టుకున్నాడు. గాలం తాడు వేలికి ఎలా చుట్టుకోవాలో చూపిస్తే, చేప కొరికిన ప్రతిసారీ చంటిపిల్లాడిలా ఉలిక్కిపడుతూ నాలుగు షేరీలు పట్టాడు. మిగతా పదిహేనూ గులాం మొహియుద్దీన్ పట్టాడు. పంతొమ్మిది అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. ఇరవయ్యోదాని కోసం ఆగితే జుమ్మా తప్పుతుందని తాళ్లు చుట్టేశాడు.

అసలు తప్పు ఆ తర్వాతే చేశాడు. ఆటుకు నీరు బాగా తీసేసింది. వచ్చిన దారిలో మధ్యన ఉన్న రాతి దిబ్బ పైకి తేలింది. పడమర నుంచి చుట్టి రావాలంటే ఇంకో గంటన్నర. తూర్పు నుంచి వస్తే ఇరవై నిమిషాలు, కానీ అందులో పది నిమిషాలు పక్క దేశం నీళ్లలోంచి రావాలి. నీళ్ల మీద గీత ఏమీ కనపడదు. అది ఉండేది ఫోను తెర మీద. గులాం మొహియుద్దీన్ ఫోను తీసి చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అటువైపు తలకు ఐదే అని ఆయనకు బాగా తెలుసు. ఎక్కడ పట్టావన్నది వాళ్లకు అక్కర్లేదు, తమ నీళ్లలోకి వచ్చినప్పుడు పెట్టెలో ఎన్ని ఉన్నాయన్నదే చూస్తారని కూడా తెలుసు. కానీ నడుం నొప్పిగా ఉంది, ఎండ మండిపోతోంది, గంటన్నర చాలా దూరంగా అనిపించింది. పది నిమిషాలే కదా అని పడవను తూర్పుకు తిప్పాడు.

ఐదో నిమిషంలో పక్క దేశం గస్తీ పడవ వచ్చింది.

అందులో ఉన్న ఆఫీసరు వయసులో చిన్నవాడే, మర్యాదగానే ఉన్నాడు. కేకలు వెయ్యలేదు, పడవను ఆపి ఉంచలేదు. ఐసు పెట్టె తెరిపించి వేలితో లెక్కపెట్టాడు. ఇద్దరు మనుషులు, పది చేపలు. మిగిలిన తొమ్మిది ఎవరివి అని హిందీలో అడిగాడు. ఇవి అవతలి నీళ్లలో పట్టిన చేపలని గులాం మొహియుద్దీన్ చెప్పి చూశాడు. చేప మీద ముద్ర ఉంటుందా అని ఆఫీసరు అడిగాడు. ఆ తొమ్మిదీ తాము తీసుకుంటామనీ, ఒకరి పేరు మీద కాగితం రాయక తప్పదనీ, పేరు చెప్పమనీ ఆఫీసరు కలం తీశాడు.

ఆ కాగితం ఏం చేస్తుందో గులాం మొహియుద్దీన్‌కు తెలుసు. తన పేరు రాస్తే మూడో గుర్తు. లచ్చన్న పేరు రాస్తే గుర్తు పడటానికి లచ్చన్నకు పడవ కార్డే లేదు. అయితే ఎవరి పేరు మీద కాగితం ఉంటే వాళ్లు, ఆ సంగతి తేలేదాకా దేశం దాటకూడదు. రెండు దేశాల ఒప్పందం ప్రకారం, అటువాళ్లు రాసిన ఈ కాగితం ఇటు ఒడ్డున ఉన్న ఆఫీసులో ఇవ్వాలి. వాళ్లు దాన్ని కంప్యూటరులో ఎక్కించాలి. ఈ రోజు శుక్రవారం. ఆఫీసుల పని తనకు తెలియనిది కాదు, ఎక్కించేసరికి బుధవారమో గురువారమో అవుతుంది, అప్పటికి లచ్చన్న మెట్‌పల్లిలో ఉంటాడు. ఇదంతా ఆఫీసరు కలం మూత తీసేంత సేపట్లో అనుకున్నాడు.

"లచ్చన్నా, గా తొమ్మిది నీయే అని చెప్పు," అన్నాడు తెలుగులో. "నువ్వు మంగళారం పోయేటోడివి. నీ పేరుకు ఏం గాదు."

ఎందుకని లచ్చన్న అడగలేదు. అడిగితే బాగుండేదని గులాం మొహియుద్దీన్ ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. లచ్చన్న చొక్కా సర్దుకుని, ఆఫీసరు వైపు తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మేరా హై సాబ్," అన్నాడు. ఆఫీసరు అతని గుర్తింపు కార్డు చూసి పేరూ నంబరూ రాసుకున్నాడు. రెండు కాగితాలు చింపి ఇచ్చాడు. ఒకటి పడవవాడు ఇవాళే ఒడ్డున ఇవ్వాల్సింది, రెండోది లచ్చన్న దగ్గర ఉంచుకోవాల్సింది.

తిరుగు దారిలో లచ్చన్న ఆ కాగితాన్ని గాలికి ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అరబ్బీ అక్షరాలు అతనికి రావు. తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. గులాం మొహియుద్దీన్ వేలు పెట్టి చూపించాడు. తొమ్మిది అంకె ఎక్కడుందో అడిగాడు. అదీ చూపించాడు.

లచ్చన్న చాలాసేపు ఆ రెండింటినీ చూసి అన్నాడు: "గీడికచ్చి ఇరవై రెండేండ్లాయె భాయ్. ఎన్ని గోడలు గట్టిన్నో లెక్కలేదు. ఇది లచ్చన్నది అని ఎవ్వలు ఒక్క కాయిదం మీద రాయలే. గిప్పుడు రాసిండ్రు."

గులాం మొహియుద్దీన్ ఇంజను చప్పుడులో వినపడనట్టు ముందుకు చూస్తూ ఉన్నాడు.

"నేను వట్టింది నాలుగే," అని లచ్చన్న నవ్వాడు. "తొమ్మిది రాసిచ్చిండు. నా ఓవర్‌టైం కోసినోళ్లే గని ఎక్కువ రాసినోన్ని గిదే సూసుడు. మా ఇంటామె దుర్గవ్వకు సూపెడ్త."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, టిక్కెట్టు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును చొక్కా లోపల దోపుకున్నాడు. గులాం మొహియుద్దీన్‌కు సిగ్గు వేసింది. ముప్ఫై ఏళ్లలో చిన్నా పెద్దా చాలా పనులు చేశాడు, వేటికీ ఇంత సిగ్గుపడలేదు. బుధవారం ఎక్కిస్తారని ఎవరు చెప్పారు? సోమవారమే ఎక్కిస్తే? ముహర్రక్ విమానాశ్రయంలో, సామాను లోపలికి పంపేశాక, అద్దం వెనక కూర్చున్న మనిషి కంప్యూటరు చూసి లచ్చన్నను పక్కకు జరిగి నిలబడమంటే? లచ్చన్న అప్పుడు కూడా ఎందుకని అడగడు. జరిగి నిలబడతాడు. ఎవరైనా వచ్చి చెప్పేదాకా అలాగే నిలబడి ఉంటాడు.

ఒడ్డుకు చేరేసరికి జుమ్మా అయిపోయింది. పెట్టెలో మిగిలిన పదింటిలోంచి లచ్చన్న వంతుగా నాలుగు ఏరి వేరే సంచిలో వేసి, క్యాంపులో వండుకోమని ఇచ్చాడు. ఆరింటితో కఫీల్ ఏం విందు చేసుకుంటాడో ఆయన ఖర్మ. లచ్చన్నను నీడలో కూర్చోమని చెప్పి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

కిటికీ లోపల ఉన్న గుమాస్తా కూడా అలిసిపోయినవాడే. కాగితం తీసుకుని ముద్ర వెయ్యబోతుంటే గులాం మొహియుద్దీన్ ఆపాడు. పేరు తప్పు పడింది, పడవ నేను తెచ్చాను, చేపలు నావి, ఆ మనిషిని అలా చెప్పమన్నది నేనే అన్నాడు. గుమాస్తా ఆయన కార్డు అడిగి తీసుకుని, దాని మీది రెండు గుర్తులనూ చూసి, ఏం చెప్తున్నావో తెలిసే చెప్తున్నావా అన్నాడు. తెలుసు అన్నాడు గులాం మొహియుద్దీన్. అలాగైతే రెండో కాగితం కూడా తెచ్చివ్వాలి, దాన్ని కొట్టేస్తే గానీ ఆ పేరు పోదన్నాడు గుమాస్తా.

నీడకు వెళ్లి అడిగితే లచ్చన్న వెంటనే ఇవ్వలేదు. మళ్లీ ఇస్తారా అని అడిగాడు. చూద్దాం అన్నాడు గులాం మొహియుద్దీన్, ఇవ్వరని తెలిసీ. కవరులోంచి కాగితం బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. గుమాస్తా దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, ఫైలులో పెట్టి, ఈయన కార్డును సొరుగులో వేసుకుని, ఖలాస్ అన్నాడు. ఉత్త చేతులతో బయటికి వచ్చిన గులాం మొహియుద్దీన్‌ను చూసి లచ్చన్న ముఖం మాడిపోయింది.

"ఏమాయె?"

"నా పేరు మీదికి మార్పిచ్చిన."

తుబ్లీకి కిరాయి వ్యాను ఎక్కారు. లచ్చన్న సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. రుమానాకు ఈ రాత్రి ఫోన్ చెయ్యాలా రేపు చెయ్యాలా అని గులాం మొహియుద్దీన్ ఆలోచిస్తున్నాడు. క్యాంపు గేటు కనపడ్డాక లచ్చన్న ఇటు తిరిగాడు.

"నీకు కార్డుంది, పడవుంది," అన్నాడు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. "గా తొమ్మిది చేపలు గూడ నీకే గావల్సి వచ్చినయా భాయ్?"

చెప్పడానికి జవాబు ఉంది. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ అది చెప్పాలంటే, పడవలో నీ పేరు చెప్పమన్నప్పుడే నీ ప్రయాణం ఆగిపోవచ్చని నాకు తెలుసని కూడా చెప్పాలి. మంగళవారం వెళ్లిపోయే మనిషి, ఇన్నేళ్లకు ఒక్కసారి సముద్రం చూసిన మనిషి, దాన్ని కూడా వెంట మోసుకెళ్లాలి. గులాం మొహియుద్దీన్‌కు అంత ఓపిక లేదు, అంత ధైర్యమూ లేదు.

"ఔ లచ్చన్నా," అన్నాడు బండి ఆగుతుంటే. "నాకే గావల్సి వచ్చినయి."

లచ్చన్న తలుపు తీసుకుని దిగాడు. పోయొస్త అని కూడా అనలేదు. నాలుగు చేపల సంచి సీటు మీదే వదిలేసి, కొత్త చొక్కా దులుపుకుంటూ గేటులోకి వెళ్లిపోయాడు.