రెండు బ్యాటరీలు, ఒక జాడీ నీళ్లు

ధర్మవరంలో బ్యాటరీ అంటే తిప్పయ్య, తిప్పయ్య అంటే బ్యాటరీ. నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, ఊళ్లో వాళ్లే అలా అనేవాళ్లు. నేను చెప్పేది ఎనభై అయిదో సంవత్సరం మాట. వరసగా రెండో ఏడు కూడా వాన మొహం చూపలేదు. వేరుశనగ చేలు ఎండి దుమ్ము లేస్తుంటే ట్రాక్టర్లు అమ్ముకునేవాళ్లే గానీ వాటికి బ్యాటరీలు మార్చేవాళ్లు ఎవరుంటారు? పొద్దున షాపు తెరిచి, మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకుని, మూసుకుని ఇంటికి పోయేవాణ్ణి. నాకసలే ముక్కు మీద కోపం. చేతిలో పని లేకపోతే ఇంట్లోవాళ్ల మీద పడేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో జయరాముడన్న షాపుకు వచ్చాడు. పట్టుచీరల వ్యాపారి, అరవై దాటినవాడు. ఆయన దగ్గర ఎర్రరంగు ఎం.జి. కారు ఒకటి ఉంది. రెండే సీట్లు, మడిచిపెట్టుకునే గుడ్డ టాపు. కోలారు గనుల్లో పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన దేశం విడిచి పోతూ అమ్మితే, వయసులో ఉన్నప్పుడు మోజుపడి కొన్నాడు. పక్కసీట్లో భార్యను కూర్చోబెట్టుకుని అనంతపురం రోడ్డు మీద పోతుంటే జనం పనులు ఆపి మరీ చూసేవాళ్లు. ఆమె చనిపోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి కారు షెడ్డు దాటలేదు.

"బ్యాటరీలు సచ్చిపోయినాయప్పా తిప్పయ్యా. ఒక్కసారి దాని గొంతు వినల్లని ఉండాది. కొత్తవి ఏవి ఎయ్యల్నో నువ్వే చెప్పు" అన్నాడు.

వెళ్లి చూశాను. సీట్ల వెనక చెక్క తీస్తే ఇటొకటి, అటొకటి రెండు ఇనప గూళ్లున్నాయి. ఒక్కో గూట్లో ఆరు వోల్టుల బ్యాటరీ ఒకటి. రెండూ కలిస్తేనే పన్నెండు. పైగా ఈ కారుకు ప్లస్ వైరు బాడీకి పోతుంది, మన ట్రాక్టర్లకు మైనస్ పోయినట్టు కాదు. తెలియనివాడు చెయ్యి పెట్టాడంటే వైరింగు నాశనమే. పాత బ్యాటరీల బిరడాలు తీసి చూస్తే లోపలి సీసం ప్లేట్లు తెల్లగా పూత పూసి ఉన్నాయి. బాగుచెయ్యడానికి వాటిలో ఏమీ మిగల్లేదు.

"మోటారు సైకిలువి రెండు ఏస్తే గూట్లో కూచుంటాయన్నా, ఇంజన్ని మాత్రం తిప్పలేవు. ట్రాక్టరుది ఒకటేస్తే తిప్పుతాది, గూట్లో పట్టదు. సరైనవి కావల్లంటే మద్రాసు నుంచి తెప్పియ్యల్ల" అన్నాను.

"ట్రాక్టరుదే ఎయ్యప్పా. నీ షాపులో చార్జి చేసి పెట్టింది ఒకటి ఉండాది గదా. పక్కసీటు పీకేసి ఆడ పెట్టు. ఇంక నా పక్కన ఎవరు కూచుంటారు?"

నాకు ఒళ్లు మండింది. "పట్టుచీరకు గోనెగుడ్డ అంచు కుట్టమంటే నువ్వు కుడతావా అన్నా? రెండు గూళ్లు ఎదురుగా కనపడతాంటే సీటు పీకమంటావే!"

ఆయన నవ్వేశాడు. "నీతో యాడ పడేది! సరే, తెప్పియ్యి. నాకేమీ తొందర లేదు."

ఆ రోజు ఆయన మాట విని ఉంటే గంటలో పని అయిపోయేది. నా మొండితనం విననివ్వలేదు. రెండేళ్ల తర్వాత దొరికిన మర్యాదైన పని అది. దాన్ని ట్రాక్టరు పనిలాగా చెయ్యడానికి మనసు ఒప్పలేదు.

ఇరవై రోజులకు లారీ పార్సిలు వచ్చింది. కొత్త బ్యాటరీలు లోపల పొడిగా వస్తాయి. ప్లేట్లకు చార్జి ఉంటుంది గానీ ఆసిడ్ ఉండదు. ఆసిడ్‌ను నీళ్లలో కలిపి మనమే పోసుకోవాలి. బిరడాల మీది సీళ్లు తియ్యనంతవరకు ఏడాదైనా ఏమీ కాదు. సీలు తీస్తే మాత్రం గాలి తగిలి ప్లేట్లు చెడతాయి, రెండు మూడు రోజుల్లో పోసెయ్యాలి. ఇదంతా ఎరిగినవాణ్ణే. అయినా కొత్త ప్లేట్లు చూసి ఎన్నాళ్లయిందో, చెయ్యి ఊరుకోలేదు. రెండింటి సీళ్లూ పీకి, లైటు పెట్టి తనివితీరా చూసుకున్నాను.

ఇక నీళ్ల సంగతి. మా ఊరి బోరు నీళ్లు ఉప్పుకషాయం. బ్యాటరీలో పోస్తే ప్లేట్లకు అదే ఆఖరు. డబ్బాల్లో డిస్టిల్డ్ వాటర్ అని అమ్ముతారు గానీ, ఒకసారి ఎవడో అమ్మిన డబ్బా నమ్మి ఒక రైతు బ్యాటరీని నా చేతులారా చంపాను. ఆ తర్వాత ఏ డబ్బానూ నమ్మలేదు. వాననీళ్లే వాడేవాణ్ణి. అవి పట్టేది మా అమ్మ ఓబమ్మ. వాన మొదలైన అరగంట వరకు ఊరికే పోనిచ్చేది. ఆకాశంలోని దుమ్మంతా కడుక్కుపోయాక, చూరు నీళ్లు పడకుండా నడివీధిలో పింగాణీ జాడీ పెట్టి, ఉతికిన తెల్లగుడ్డ కట్టి పట్టేది. చెంబు గానీ గరిటె గానీ ముంచనిచ్చేది కాదు. ఇరవై ఏళ్లలో నేను వాననీళ్లు పోసిన బ్యాటరీ ఒక్కటీ చెడి వెనక్కి రాలేదంటే అది ఆమె చేతి చలవే. రెండేళ్ల కిందటి వానకు పట్టిన జాడీ ఒక్కటే ఇప్పుడు మిగిలింది.

అమ్మకు ఎనభై దాటాయి. ఎండాకాలం నుంచి మంచం దిగలేదు. మూడు రోజులకోసారి వచ్చే ట్యాంకరు నీళ్లు ఆమె గొంతు దిగేవి కావు. నోట్లో పోసుకుంటే చౌడు నాకినట్టు ఉందని ఉమ్మేసేది. నేను జాడీ దించుతుంటే తల తిప్పి చూసింది.

"ఏమిరా, వాననీళ్లేనా? ఒక గుక్క పొయ్యిరా. నేను పట్టినవే గదా."

"బ్యాటరీలకమా. కొలతకు సరిపోవల్ల. మిగిలితే పోస్తా."

"సరేలే. మిగిలితేనే పొయ్యి."

నా భార్య మారెక్క ఊరుకోలేదు. "ఆయమ్మ నోరు తెరిచి ఎప్పుడన్నా ఏమన్నా అడిగిందా? ఒక గలాసు తగ్గితే ఏమి పోతాది?"

"నీకేమి తెలుసు ఆసిడ్ కొలతల గురించి? నోరు మూసుకో!" అని అరిచి జాడీ ఎత్తుకుని వచ్చేశాను.

షాపులో నీళ్లు కొలిచి, వాటిలోకి ఆసిడ్‌ను సన్నని ధారగా పోస్తూ గాజుకడ్డీతో కలిపాను. పొగలు పోయి చల్లారాక, తేలే గొట్టంతో చిక్కదనం చూసుకుని, రెండు బ్యాటరీల ఆరు గదులూ నింపాను. అంతా అయ్యాక జాడీ అడుగున అరసీసా నీళ్లు మిగిలాయి. మిగిలితే పోస్తానని చెప్పి వచ్చానా? అప్పుడు నా బుర్ర ఎట్లా పోయిందంటే, ఈ ఎండలకు బ్యాటరీలో నీళ్లు నెల తిరక్కుండానే తగ్గుతాయి, వాన జాడ లేదు, రేపు తగ్గినంత పైన పోసే నీళ్లకు నేను యాడికి పోవాలి అనుకున్నాను. వాటిని ఒక సీసాలోకి వంపి, బిరడా బిగించి పై అరలో పాత ప్లేట్ల వెనక దాచాను.

మర్నాడు పొద్దున రెండు బ్యాటరీలూ గూళ్లలో దించి పట్టీలు బిగించాను. సూది పట్టే సందు కూడా లేకుండా కూర్చున్నాయి. జయరాముడన్న స్టీరింగు ముందు కూర్చుని స్టార్టరు గుండీ లాగాడు. ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారికి అందుకుని షెడ్డు రేకులు అదిరేలా మోగింది. ఆయన స్టీరింగు పట్టుకుని అట్లాగే ఏడ్చాడు.

"ఆమె పక్కన ఉన్నట్టే ఉండాదప్పా" అన్నాడు.

అబద్ధం ఎందుకు, నాకూ కళ్లు చెమర్చాయి. నా అంతటివాడు లేడనుకుంటూ ఇంటికి పోయాను.

"బండి పలికిందా?" అని అడిగింది అమ్మ.

"మూడో లాగుడుకు పలికిందమా."

"నీళ్లేమన్నా మిగిల్నాయా?"

"లేదమా. చుక్క కూడా మిగల్లేదు."

ఎంత సులభంగా వచ్చిందో ఆ మాట! ఒక గుక్క ఇస్తే రేపు ఇంకో గుక్క అడుగుతుంది, సీసా ఖాళీ అవుతుంది అని లెక్క వేసుకున్నాను. కన్నతల్లికి గుక్క నీళ్లు లెక్క వేసిన కొడుకును నేను.

"పోనీలే. నీ పని అయ్యింది గదా, అది చాలు" అని అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత పదకొండో రోజు పొద్దున ఆమెకు ఊపిరి అందలేదు. ఇరుగుపొరుగు చేరారు. పక్కింటి సోమప్ప నాడి పట్టుకుని చూసి, "నోట్లో నీళ్లు పొయ్యి తిప్పయ్యా, ఇంక ఎంతోసేపు లేదు" అన్నాడు. మారెక్క తులసాకు వేసిన ట్యాంకరు నీళ్లు ఒక చెంచా పోసింది. ఆ స్థితిలో కూడా అమ్మ పెదవులతో బయటికి తోసేసింది.

నేను షాపుకు పరిగెత్తాను. మూడు వీధులు ఎట్లా దాటానో తెలియదు. ప్లేట్లు కిందపడేసి, సీసా తీసుకుని, మళ్లీ పరిగెత్తి వచ్చాను. చెంచాలో పోసి నోటికి అందించాను. ఈసారి తోసెయ్యలేదు. నాలుక మీద కాసేపు పెట్టుకుని మింగింది. నెమ్మదిగా కళ్లు తెరిచింది.

"వాననీళ్లు గదరా ఇవి" అంది. గొంతు గాలిలా ఉంది గానీ అందరికీ వినపడింది. "యాడివి?"

మారెక్క నా చేతిలోని సీసాను, నా మొహాన్ని చూసి, చెంబు కింద పెట్టేసి పక్కకు తిరిగింది.

రెండో చెంచా నింపి దగ్గరికి తీసుకుపోయాను. అమ్మ తల కొంచెం పక్కకు జరిపింది.

"చాలు నాయనా. బండికి ఉండనీ."

అది కోపంతో అన్న మాటైతే నేను ఎట్లాగో బతికేవాణ్ణి. తిట్టు అనుకుని నెత్తిన మోసేవాణ్ణి. కోపం లేదు. కొడుక్కి పని ఉంది, నీళ్లు తక్కువున్నాయి, తను ఎక్కువ తాగకూడదు అనుకుంది, అంతే. "అమా, తాగమా, అన్నీ నీకే" అని బతిమాలాను, కాళ్లు పట్టుకున్నాను. పెదవులు మళ్లీ తెరవలేదు. ఎండ గుమ్మం దాటకముందే అమ్మ పోయింది. నేను రెండో చెంచా పట్టుకుని ఆ మంచం పక్కనే కూర్చుని ఉన్నాను.