కదలని అంకెలు

రజిత ఫోన్ చేసేసరికి ఉపేందర్ కోదాడలో, తను పనిచేసే ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాడు. పనివేళల్లో ఫోన్ చేసే అలవాటు ఆమెకు లేదు.

"మూడు గంటలకు మిర్యాలగూడ ఆఫీసుకు రమ్మన్నరు. ఫోన్ గూడ పట్టుకొని రావాల్నట," అంది. "పన్నెండు రోజులు నేను పంచాయతీకే పోలేదట. ఇంట్ల కూసొని హాజరు ఏసుకున్ననట. నోటీసు చేతుల వెట్టిన్రు. సరైన జవాబు చెప్పకుంటే నౌకరీ ఖతం."

"దినాం ఏడింటి బస్సుకు పోతున్నవ్ గదా!"

"గదే నేనంటున్న. లొకేషన్ల ఏదో తేడా ఉన్నదంటున్నరు. ఫోన్ల నువ్వే గదా కొత్త సిస్టం ఏసినవ్. నీకేమన్న ఎరుకనా?"

ఉపేందర్‌కు ఎరుకే. అడిగిన మరుక్షణమే ఎరుకైంది.

"నాకేం ఎరుక? సర్వర్ ప్రాబ్లమయి ఉంటది. నేనస్తున్న," అని ఫోన్ పెట్టేశాడు.

అసలు సంగతి ఇదీ. కంపెనీవాడు ఫోన్‌లో పెట్టి పంపిన ఆపరేటింగ్ సిస్టంను పీకేసి, తన చేతులతో కోసి కుట్టిన సిస్టం ఎక్కించడం ఉపేందర్‌కు ఎనిమిదేళ్లుగా ఉన్న పిచ్చి. పైసా రాదు. మూడు ఫోన్లు అతని చేతుల్లోనే ప్రాణాలు వదిలాయి. పెళ్లిళ్లలో అతను పక్కన కూర్చుంటే చుట్టాలు తమ ఫోన్లు జేబుల్లోకి తోసేసుకునేవాళ్లు. అయినా చచ్చిందనుకున్న పాత ఫోన్ లేచి పరుగెడుతుంటే కలిగే ఆనందం ముందు అతనికి ఈ అవమానాలన్నీ దిగదుడుపే.

రజిత దామరచర్ల దగ్గర ఒక తండాకు పంచాయతీ సెక్రటరీ. రోజూ పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి యాప్‌లో ముఖం చూపిస్తేనే హాజరు. ఆమె పాత ఫోన్‌కు ఒక పట్టాన లొకేషన్ దొరికేది కాదు, దొరికితే కెమెరా తెరుచుకునేది కాదు. ఎండలో నలభై నిమిషాలు ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడి, ఇంటికొచ్చాక భుజం నొప్పి అనేది. భార్య భుజం నొప్పి చూడలేక, రెండు వారాల కిందట ఒక ఆదివారం ఉపేందర్ ఆ ఫోన్‌కు కొత్త ప్రాణం పోశాడు.

పోసినవాడు ఊరుకున్నాడా? హాజరు యాప్ ఇందులో నడుస్తుందో లేదో చూడాలి. పంచాయతీకి వంద మీటర్ల లోపల ఉంటే తప్ప అది తెరుచుకోదు. తనేమో మిర్యాలగూడలో ఇంట్లో కూర్చున్నాడు. అందుకని నువ్వు తండాలోనే ఉన్నావని ఫోన్‌కు అబద్ధం చెప్పే నాలుగు లైన్ల కోడ్ రాశాడు. పంచాయతీ ఆఫీసు అక్షాంశ రేఖాంశాలు అందులో రాసి పెట్టాడు. యాప్ టక్కున తెరుచుకుంది. ఆ సంబరంలో బిర్యానీ తెచ్చుకుని తిన్నారు. ఆ నాలుగు లైన్లు తీసెయ్యడం మరిచిపోయాడు.

హుజూర్‌నగర్ మీదుగా బండి తోలుతున్నంతసేపూ అతనికి ఆ నాలుగు లైన్లే కళ్ల ముందు ఆడాయి. ఉపగ్రహాలు చెప్పే లొకేషన్ ఎప్పుడూ స్థిరంగా ఉండదు. ఒకే చోట నిలబడ్డా చివరి అంకెలు రోజుకో తీరుగా ఉంటాయి. తను రాసి పెట్టినవే కాబట్టి రజిత అంకెలు పన్నెండు రోజులు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఫోటోలో ముఖం తప్ప వెనక గోడ కూడా కనపడదు. నిజంగా వెళ్లిన మనిషిని తన తెలివి వెళ్లనిదాన్ని చేసింది.

బస్టాండ్ పక్క టీ కొట్టులో రజిత నోటీసు మడిచి పట్టుకుని కూర్చుంది. రెండున్నర అయింది.

"జర సూడు," అంటూ ఫోన్ ఇచ్చింది.

అతను ల్యాప్‌టాప్ తీసి వైరు పెట్టాడు. కంపెనీ సిస్టం మళ్లీ ఎక్కించడానికి పది నిమిషాలు చాలు. తన కోడ్ ఆనవాలు కూడా మిగలదు. "పాత ఫోన్, మేడం, దానికే తిక్క," అని ఇద్దరూ ఒకే మాట మీద నిలబడొచ్చు. ఫోన్‌లోనిదంతా పోతుంది, సరేనా అని తెర అడిగింది. అతని వేలు మీట మీద ఆగింది.

ఎదురుగా రజిత పెదాలు కదులుతున్నాయి. "మేడం, నేను దినాం పోయిన. వాన పడ్డనాడు గూడ పోయిన," అని లోలోపల వల్లె వేసుకుంటోంది. చెరిపేస్తే ఆఫీసు దగ్గర ఆ అంకెలు ఎలాగూ ఉంటాయి. ఫోన్ ఎందుకు ఖాళీగా ఉందని కూడా అడుగుతారు. రెండింటికీ ఆమే జవాబు చెప్పాలి. అదీ తెలియకుండానే.

వైరు పీకేశాడు. "రజితా, నేనే చేసిన," అని మొత్తం చెప్పాడు.

ఆమె నోటీసును ఇంకో మడత పెట్టింది. సూర్యాపేట పిల్ల, మామూలుగా అయితే టీ కొట్టు దద్దరిల్లేది. నెమ్మదిగా అంది. "పొద్దున అడిగితే నాకేం ఎరుక అన్నవ్. గది నేను మర్సిపోను. నడువ్."

ఆఫీసులో డివిజనల్ పంచాయతీ అధికారి సత్యవతి మేడం అంతా విని కళ్లద్దాలు తీసింది. "ఎవరు దొరికినా 'ఫోనే తప్పు చేసింది' అంటారు. మీరు 'మా ఆయన చేశాడు' అంటున్నారు. అంతే తేడా."

"మేడం, అసలు లొకేషన్ గూడ లోపల ఒక ఫైల్‌ల రాసుకుంట పోతది," అంటూ ఉపేందర్ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. "గిదో సూడండి, పన్నెండు రోజులవీ ఉన్నయ్. అన్నీ తండావే."

"ఈ ఫైల్ రాసే ప్రోగ్రాం ఎవరిది?"

"నాదే మేడం."

"మరి నేనెట్లా నమ్మాలి?"

అతను ల్యాప్‌టాప్ మూసేశాడు. గర్వపడిన విద్య ఒక్కటీ ఇక్కడ అక్కరకు రాలేదు. తను ముట్టిన ప్రతి సాక్ష్యం మైలపడిపోతోందని అతనికి అర్థమైంది.

"తండాలో ఊడ్చే ఆమె ఎవరు?" అని మేడం రజితను అడిగింది. "మోతీబాయి" అని నంబర్ చెప్పగానే, ఎవరినీ నోరెత్తనివ్వకుండా తన ఫోన్‌లో కలిపి స్పీకర్ పెట్టింది. తను ఎవరో చెప్పలేదు. "మీ సెక్రటరీ పొద్దున ఏ టైంకు దొరుకుతారమ్మా? కాగితం పని ఉంది."

"ఎనిమిదింటికల్ల ఉంటది," అంది మోతీబాయి. "ఇంతకుముందయితే వచ్చినా దొర్కకపోయేది. ఆఫీసు ముంగట నీళ్ల ట్యాంకు కాడ ఫోన్ ఎత్తుకొని ఎండల నిలవడేది, పాపం. గీ రెండు వారాల సంది ఫోన్ మంచిగైనట్టుంది. దిగంగనే ఫోటో కొట్టి, మాతోటి గల్లీలు తిర్గుతుంది. నిన్న మోరీ సాఫ్ చెయ్యలేదని నన్ను తిట్టింది గూడ. జర జల్ది రాండ్రి."

రజిత కొంగుతో కళ్లు అదుముకుంది. మేడం కళ్లద్దాలు పెట్టుకుని నోటీసు కింద రెండు లైన్లు రాసింది.

"విచారించాను, హాజరైనట్టే అని రాశాను. రేపు పొద్దున్న కంపెనీ సిస్టంతోనే హాజరు పడాలి. నేనూ వస్తాను," అంది. ఉపేందర్ వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు ఎనిమిదింటికి తండాలో ట్యాంకు దగ్గర ముగ్గురు ఆడవాళ్లు నిలబడ్డారు, మేడం, మోతీబాయి, రజిత. ఫోన్ మళ్లీ పాత ముసలిదే. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఉపేందర్ బండి స్టాండు వేసి దూరంగా నిలబడ్డాడు.

"గాడ నిలవడుడు ఎందుకు? ఇటు రా. పట్టుకో," అంది రజిత.

అతను చెయ్యెత్తి ఫోన్‌ను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. పావుగంటకు మోచెయ్యి వణికింది. అరగంటకు భుజం పీకసాగింది. ఎనిమిదేళ్లలో ఏ ఫోన్ ముందూ అతను ఇంతసేపు చేతకానివాడిలా నిలబడలేదు. ఆమె రెప్ప వెయ్యకుండా కెమెరాలోకి చూస్తోంది.

తెర కింద లొకేషన్ అంకెలు వచ్చాయి. చివరి రెండూ మారాయి, ఆగాయి, మళ్లీ మారాయి.

"కదులుతున్నయ్ రజితా," అన్నాడు.

"మంచిగ పట్టుకో, చెయ్యి దించకు," అంది ఆమె.